ముప్ఫై ఒకటో వరుసలో నాలుగు సీట్లు

సెంట్ ఓబాన్, లూసియానా
14 సెప్టెంబరు 1974, శనివారం

ఓదీల్ అత్తయ్యకు,

ఈ ఉదయం స్టేడియం బయట మన ఓక్ చెట్టు కింద గడ్డి అంతా మంచుతో తడిసి ఉంది, ఆటకి ముందు భోజనానికి నాన్న కుర్చీ వేసే చోట తప్ప. అక్కడ ఒక కుర్చీ పట్టేంత మేర నలుచదరంగా గడ్డి పొడిగా ఉంది. పైన కొమ్మ ఏదైనా అడ్డం ఉందేమోనని చూశాను. లేదు. కిందటి నవంబరు తర్వాత అక్కడ ఎవరూ కుర్చీ వేయలేదు.

మీరు అడిగినవి వరుసగా రాస్తాను. మన ఊరి ఫుట్‌బాల్ జట్టు కొంగలు ఇరవై ఒకటికి పద్నాలుగుతో గెలిచాయి. ఆఖరి ఐదు నిమిషాల దాకా గెలుస్తామని ఎవరికీ నమ్మకం లేదు. భోజనానికి కోడి, సాసేజ్ వేసి గంబో పులుసు చేశాను. నాన్న చేసినట్టే పిండిని నూనెలో ముదురు రంగు వచ్చేదాకా కలిపాను, కాని ఒక్క నిమిషం ఎక్కువై కాస్త చేదెక్కింది. అన్నం మాత్రం పొడిపొడిగా వచ్చింది.

నాన్న దాచిన బర్గండీ వైన్ సీసా తీసుకెళ్ళి, కార్కు తీసేది ఇంట్లో మరిచిపోయాను. పక్క డేరాలో మందుల దుకాణం అర్సెన్ గారు ఉన్నారు. ఆయన్ని అడగడానికి ధైర్యం కూడగట్టుకునేసరికి పది నిమిషాలు పట్టింది. "ఏం పిల్లా, సిస్టర్లు నీకు లాటిన్ నేర్పారు గాని సీసా తియ్యడం నేర్పలేదా?" అని అందరూ వినేలా అన్నారు. చెవులు కాలిపోయాయి. తిరిగి వచ్చి ముందు ఒక గ్లాసు తాగాను. అప్పుడు సీసా తెరిచి తక్కిన మూడు గ్లాసులూ నింపాను.

ఇక సీట్ల సంగతి. నాన్న పోయాక టికెట్ల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ముప్ఫై ఒకటో వరుసలో మన నాలుగు సీట్లు నా పేరుకు మారుస్తారట. కాని ఈ ఏడాది మన ఊళ్ళో జరిగే ఐదు ఆటల్లోనూ ఆ నాలుగు సీట్లలోనూ మనుషులు కూర్చోవాలి. ఒక్కసారి ఖాళీగా కనబడినా, ఏళ్ళ తరబడి పేర్లు రాయించుకుని ఎదురుచూస్తున్న వాళ్ళకి ఇచ్చేస్తారు. నాన్న ఆస్పత్రిలో నాతో అన్న చివరి మాట "సీట్లు పోనివ్వకు" అన్నదే. ఫాదర్ గారు వచ్చింది ఆ తర్వాతే.

లూసియన్ అన్నయ్య యుద్ధం నుంచి ప్రాణంతో తిరిగి రాలేదు. అమ్మ పోయి మూడేళ్ళు. ఆ సీట్లు తప్ప మేము నలుగురం కలిసి కూర్చున్న చోటు ఇంకెక్కడా మిగల్లేదు. లైబ్రరీలో నాతో పనిచేసేవాళ్ళని పిలుద్దామని వారం రోజులు మాటలు కూర్చుకున్నాను. గేటు దగ్గర నాలుగు టికెట్లూ చింపించాను. రెండో సగంలో ఆఫీసు మనిషి పుస్తకం పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. మా వరుస దగ్గర ఆగి, వేలితో లెక్కపెట్టి, "నలుగురు, సరే" అని రాసుకుని వెళ్ళాడు.

మీ మేనకోడలు,
నోయెమీ

*

కార్మెల్ మఠం
20 సెప్టెంబరు

చిట్టి నోయెమీకి,

నీ ఉత్తరం మదర్ గారు విప్పి ఇచ్చారు. మఠం నియమం అది. చదవలేదనే అన్నారు, కాని భోజనాల దగ్గర బీన్స్ వడ్డిస్తూ "మీ కొంగలు ఈసారి ఎలాగో ఎగిరాయట" అన్నారు. ఆవిడది పక్క రాష్ట్రం, వాళ్ళ జట్టు ఎలుగుబంట్లు ఆ రోజే ఇంకెవరి చేతిలోనో ఓడిపోయాయని ఆవిడకి కడుపుమంట. నేను ఇరవై ఐదేళ్ళుగా గమనించిన సంగతి ఒకటి చెబుతాను: ఆవిడ మొదటి పేజీయే చదువుతారు. ఆట, వంట మొదటి పేజీలో రాయి. అసలు సంగతులు రెండో పేజీలో రాయి.

నాలుగు సీట్లూ నింపావని చదివి సంతోషంతో ఆ పూట ప్రార్థనలో ఒక చరణం రెండుసార్లు పాడాను. అడగడానికి సిగ్గుపడే పిల్ల ఏకంగా ముగ్గురిని వెంటబెట్టుకెళ్ళిందా? ఎవరు వాళ్ళు? ఏం తిన్నారు? వాళ్ళలో పెళ్ళికాని మగవాడు ఎవరైనా ఉన్నాడా? ఇది దేవుడు అడిగిన ప్రశ్న కాదు, నేను అడిగింది.

గంబో చేదెక్కితే కాస్త బెల్లం పాకం వెయ్యి, ఎవరికీ చెప్పకు. బర్గండీ వాసన రాసి పంపలేవా? ఇక్కడ వైన్ ఫాదర్ గారు ఒక్కరే తాగుతారు. మేము గాలి పీల్చి ఊరుకుంటాం.

ప్రేమతో,
ఓదీల్ అత్తయ్య (సిస్టర్ మేరీ క్లేర్ అని మదర్ గారి కోసం)

*

సెంట్ ఓబాన్
6 అక్టోబరు, ఆదివారం

అత్తయ్యకు,

నిన్న పదమూడుకి పదితో ఓడిపోయాం. బంతి గోల్ గీతకి అడుగు దూరంలో ఉండగా మనవాడు దాన్ని జారవిడిచాడు. మెట్ల దగ్గర నిలబడి చూసే అర్సెన్ గారు టోపీ తీసి నేలకేసి కొట్టి, "వీడి చేతులకి వాళ్ళమ్మ చిన్నప్పుడు వెన్న రాసి వదిలేసిందిరా" అన్నారు. మా వరుస వరుసంతా నవ్వింది. అంత ఏడుపులోనూ నవ్వింది.

నత్తగుల్లల్ని వెన్న, రొట్టెపొడి వేసి నిప్పుల మీద కాల్చాను, కోడి ముక్కలు కూడా. వాటితో అల్సేస్ తెల్ల వైన్. నిమ్మకాయ కోసినప్పుడు వచ్చే వాసన లాంటిది దానికి ఉంటుంది, మీరు అడిగారని జాగ్రత్తగా చూసి రాస్తున్నాను. కార్కు తీసేది ఈసారి మరిచిపోలేదు.

ఇది రెండో పేజీ.

నాతో ఉండేవాళ్ళ గురించి అడిగారు. ఎక్కువ మాట్లాడరు. నాకూ అదే హాయి. ఒకరు ఏ వైన్ అయినా సరే అందులో ఐసు ముక్కలు వేసుకుంటారు. ఒకరు కోడి ముక్కకి తోలు తీసేసి, ఎవరూ చూడకుండా చేతిగుడ్డ కింద దాస్తారు. పేర్లు అడగలేదు. స్టేడియంలో నిన్న ఉత్తరం నుంచి చల్లగాలి వీచింది, కాని నాకు ఎడమ పక్కన గాలి తగల్లేదు.

ఆఫీసు మనిషి మళ్ళీ వచ్చాడు. నలుగురని రాసుకున్నాడు. ఈసారి నా పక్క సీటు వైపు తిరిగి టోపీ అంచు ముట్టుకున్నాడు.

చెట్టు కింద నిన్న మంచు పడని చోట్లు రెండు కనిపించాయి.

నోయెమీ

*

కార్మెల్ మఠం
12 అక్టోబరు

చిట్టి నోయెమీకి,

బర్గండీలో ఐసు వేసుకునే అనాగరికుణ్ణి ఇంకొకణ్ణి ఎక్కడ పట్టావే? లోకంలో మీ నాన్న ఒనోరే ఒక్కడే అనుకున్నాను. మా నాన్న దానికోసమే ఒనోరేని ఓసారి బల్ల దగ్గర్నించి లేపేశారు. "ఇంత మంచి వైన్‌ని నువ్వు నీళ్ళలో ముంచి చంపుతున్నావు, అవతలికి పో" అన్నారు. వాడు గ్లాసు పట్టుకునే అవతలికి పోయాడు.

రెండోసారి చదివినప్పుడు నవ్వు రాలేదు. కోడితోలు చేతిగుడ్డ కింద దాచేది మీ అమ్మ. అది మీ నాన్నకి తెలుసు, నాకు తెలుసు, ఆమెకి మాత్రం మాకు తెలుసని తెలియదు. నువ్వు వాళ్ళని తలుచుకుంటూ కొత్తవాళ్ళలో వాళ్ళ పోలికలు చూస్తున్నావేమో. మనిషి పోయిన మొదటి ఏడాది అందరికీ అలాగే ఉంటుంది.

వాళ్ళ పేర్లు అడుగు. మూడో మనిషి సంగతి నువ్వు రాయలేదు. మంచు పడని చోట్ల మాట నాకు అర్థం కాలేదు, అదేమిటో వివరంగా రాయి.

ఓదీల్ అత్తయ్య

*

సెంట్ ఓబాన్
20 అక్టోబరు, ఆదివారం

అత్తయ్యకు,

ఇరవై ఎనిమిదికి ఏడుతో గెలిచాం. బూడాన్ చేశాను, అన్నం, కాలేయం కూరిన ఆ సాసేజ్ మీకు ఇష్టమని నాన్న అనేవారు. దానితో నాన్న నేలమాళిగలో ఉన్న బోర్దో వైన్. వాసన పాత పుస్తకం అట్టలా, ఎండు రేగుపండులా ఉంది. నాకు తెలిసిన వాసనలు అవే.

రెండో పేజీ.

మీరు ఎవరినో పిలిచాననుకున్నారు. నేను కాదని రాయలేదు, అంచేత అబద్ధం ఆడినట్టే. లైబ్రరీలో ఎవరినీ పిలవలేదు.

నేను కుర్చీలు నాలుగు వేస్తాను. నాలుగు పళ్ళేలు, నాలుగు గ్లాసులు పెడతాను. ఐసు తేవడానికి కారు దాకా వెళ్ళి వస్తాను. వచ్చేసరికి తిని ఉంటారు. మొదటిరోజు నాన్న పళ్ళెం ఒక్కటే. రెండోసారి అమ్మది కూడా. నిన్న మూడో కుర్చీ చేతి మీద పీకాన్ పప్పు పెంకులు వరసగా పేర్చి ఉన్నాయి, చిన్న పడవల్లా, ఐదు. లూసియన్ అన్నయ్య అలా పేర్చేవాడు. నేను పీకాన్లు తీసుకెళ్ళలేదు.

మంచు పడని చోట్లు మూడయ్యాయి. ఒక్కో చోటు ఒక్కో కుర్చీ కింద.

అర్సెన్ గారు నిన్న దగ్గరికి వచ్చారు. "పిల్లా, నలుగురికి వండి ఒక్కదానివే కూర్చుంటావు. చీపురుపుల్లలా ఉన్నావు. ఆ తిండంతా ఎక్కడికి పోతోంది?" అని అడిగారు. వాళ్ళ అమ్మాయి వీవియన్, అల్లుడు సీట్ల కోసం తొమ్మిదేళ్ళుగా ఎదురుచూస్తున్నారట. కొట్లో కనబడినప్పుడు ఆ అమ్మాయి నన్ను పలకరిస్తుంది. నేను తల ఊపుతాను.

నాకు భయంగా లేదు, అత్తయ్యా. అన్నయ్య పోయిన ఈ ఆరేళ్ళలో మొదటిసారి ఆట చూస్తుంటే ఆటలా అనిపించింది.

నోయెమీ

*

కార్మెల్ మఠం
27 అక్టోబరు

నోయెమీ,

ఈ ఉత్తరం చదివి దాచుకోకు, కాల్చెయ్యి.

మన ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మీ నాన్న నీకు చెప్పి ఉండవలసింది. చెప్పలేదంటే వాడే పాటించలేదు కాబట్టి. మనింట్లో ఎవరైనా పోతే, ఆ ఏడాది ఆటలకి చెట్టు కింద వాళ్ళ కుర్చీ వేస్తాం, పళ్ళెం పెడతాం, గ్లాసు నింపుతాం. ఒక్క ఏడాదే. చివరి ఆట రోజు గ్లాసులో వైన్ నేల మీద ఒంపేసి, కుర్చీ మడిచి, "ఆట అయిపోయింది, ఇంటికి వెళ్ళండి" అని పైకి చెప్పాలి. మా నాయనమ్మ నాటి నుంచీ ఇదే. ఇది జ్ఞాపకం కోసమని అందరూ అనుకుంటారు. నిజానికి సాగనంపడం కోసం.

మా నాన్న పోయినప్పుడు అమ్మ కుర్చీ మడవలేదు. మరుసటి ఏడూ వేసింది. ఆ శరత్తులో ఒకరోజు "ఓదీల్, నా గ్లాసు నువ్వు నింపావా?" అని అడిగింది. నేను కాదు. అమ్మ అది తాగేసింది. ఈస్టర్ దాకా ఉండలేదు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. అమ్మ కుర్చీ, నాన్న కుర్చీ నేనే మడిచి, ఆ సీటు వదిలి ఇక్కడికి వచ్చాను. దేవుడు పిలిచాడని అందరూ అనుకున్నారు. తర్వాత పిలిచాడు, నిజమే. ముందు మాత్రం ఆ చెట్టు కిందికి ఇంకొక్కసారి వెళ్ళలేక వచ్చాను.

మీ నాన్నకి ఇదంతా తెలుసు. అయినా లూసియన్ కుర్చీ మడవలేదు. మీ అమ్మదీ మడవలేదు. సీట్లు ఖాళీ అవుతాయని వాడి బాధ. కిందటి నవంబరులో నాకు రాశాడు: "ఎవరో నా గ్లాసు నింపి పెట్టారు ఓదీల్. చల్లగా, తడి మట్టి వాసనతో, ఇంత బాగున్నది ఎప్పుడూ తాగలేదు." వాడు నన్ను ఆటపట్టిస్తున్నాడనుకుని తిరిగి హాస్యంగా రాశాను. జనవరిలో పోయాడు.

వాళ్ళకి మనం పోయవచ్చు. వాళ్ళు పోసింది మనం తాగకూడదు. అంతే.

నీకెవరైనా పోశారా? ఒక్క మాటలో జవాబు రాయి.

ఓదీల్

*

సెంట్ ఓబాన్
10 నవంబరు, ఆదివారం

అత్తయ్యకు,

పదిహేడు పదిహేడు. గెలవలేదు, ఓడలేదు. వంట ఎప్పటిదే.

రెండో పేజీ.

మొదటి తారీఖున సకల పునీతుల పండగకి మనవాళ్ళ సమాధులకి సున్నం వేశాను. మూడూ ఒక్కదాన్నే వేశాను. చుట్టూ ప్రతి కుటుంబం బకెట్లతో, బ్రష్షులతో, పిల్లలతో వచ్చింది. "మనిషి సాయం కావాలా?" అని ఒకామె అడిగింది. వద్దన్నాను. నాకు అలా అనడమే వచ్చు.

నువ్వు పద్ధతి అని రాశావు. నువ్వు కుర్చీలు మడిచి గోడల వెనక్కి వెళ్ళిపోయావు. అక్కడ నీకు పద్దెనిమిది మంది సిస్టర్లు ఉన్నారు, బీన్స్ వడ్డించే మదర్ గారు ఉన్నారు. నాకెవరున్నారు? నేను కుర్చీలు మడిస్తే ఇరవై మూడో తారీఖున ఆ సీట్లలో ఎవరు కూర్చుంటారు? ఖాళీగా కనబడితే ఆఫీసువాళ్ళు తీసేసుకుంటారు. నాన్న నన్ను అడిగింది ఒక్కటే.

వాళ్ళకి నేనే పోస్తున్నాను. నిన్నా, దాని ముందరి ఆటకీ నా గ్లాసు నేనే నింపుకున్నాను.

నోయెమీ

*

కార్మెల్ మఠం
15 నవంబరు

చిట్టి తల్లీ,

నన్ను "నువ్వు" అన్నావు. చిన్నప్పుడు కలుసుకునే గదిలో ఇనప కడ్డీల అవతల నిలబడి అలాగే అనేదానివి. సిస్టర్లు నీకు మర్యాద నేర్పాక మానేశావు. కోపంతోనే అయినా తిరిగి అన్నావు, నాకు అది చాలు.

నువ్వు రాసింది నిజం. నేను వెళ్ళిపోయాను. నా సీటు నీకు వచ్చింది, దానితోపాటు నేను వదిలేసిన భయం కూడా వచ్చింది. ముందే చెప్పాల్సింది.

నీ గ్లాసు నువ్వే నింపుకుంటున్నావని చదివి ఊరటతో నేల మీద కూర్చుండిపోయాను. మదర్ గారు కంగారుపడి నీళ్ళు తెచ్చారు. "మీ జట్టు ఓడిందా?" అని అడిగారు. "లేదు మదర్, సమానం" అన్నాను. "దానికే ఇంతా?" అన్నారు.

సీట్లు వదలమని నేను అనడం లేదు. వాటిలో బతికున్నవాళ్ళని కూర్చోబెట్టు. ఆ అర్సెన్ గారిని, వాళ్ళ అమ్మాయిని, అల్లుణ్ణి అడుగు. ఒక్క వాక్యం చాలు: "మాకు మూడు టికెట్లున్నాయి, వస్తారా?" అద్దం ముందు నిలబడి పదిసార్లు అను. పదకొండోసారి ఆయన దగ్గర అను. మీ నాన్న సీట్లు పోనివ్వకు అన్నాడు గాని, వాటిలో తనే కూర్చుంటానని అనలేదు.

ముందు కుర్చీలు మడవాలి. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. నిన్ను విడిచి ఉండలేరు, అదే ప్రమాదం.

డిసెంబరు ఒకటిన ఆగమనకాలం మొదలవుతుంది. అప్పటినుంచి క్రిస్మస్ దాకా మాకు ఉత్తరాలు ఇవ్వరు, రాయనివ్వరు. ఆట అయిన మర్నాడే రాయి. అది చేతికి వచ్చేదాకా నాకు నిద్ర లేదు.

నీ అత్తయ్య

*

సెంట్ ఓబాన్
24 నవంబరు 1974, ఆదివారం

అత్తయ్యకు,

ఈ ఉదయం పూజకి వెళ్ళే దారిలో చెట్టు దగ్గర ఆగాను. రాత్రి మంచు బాగా పడింది. ముగ్గురి కుర్చీల చోట్లూ తక్కిన గడ్డిలాగే తడిసి ఉన్నాయి. చెయ్యి పెట్టి చూశాను. చేతితొడుగు నానిపోయింది.

ఇరవై నాలుగుకి ఇరవైతో గెలిచాం. చివరి నిమిషంలో, కిందటి నెల బంతి జారవిడిచిన వాడే పట్టుకున్నాడు. అర్సెన్ గారు నా భుజం మీద ఒక దెబ్బ వేసి, "చూశావా, వెన్న ఆరిపోయింది వాడికి" అన్నారు. భుజం ఇంకా నొప్పిగా ఉంది.

అడిగాను. అద్దం ముందు పదిసార్లు కాదు, ముప్ఫైసార్లు అనుకున్నాను. బుధవారం మందుల దుకాణానికి వెళ్ళి, ఏమీ కొనకుండా, ఆ ఒక్క వాక్యం చెప్పాను. అర్సెన్ గారు చేతిలో ఉన్న మందుసీసా బల్ల మీద పెట్టారు. తర్వాత లోపలికి తిరిగి, "వీవియన్, ఇలా రా, ఈ పిల్లకి మాటలొచ్చాయి" అని కేకేశారు.

మేము నలుగురం వెళ్ళాం. వీవియన్ అంజీరపండ్ల కేకు తెచ్చింది. ఆట జరుగుతున్నంతసేపూ తన దుప్పటి సగం నా మోకాళ్ళ మీద కప్పింది, అడక్కుండానే. ఆఫీసు మనిషి వచ్చి లెక్కపెట్టాడు. "నలుగురు. వచ్చే ఏడుకి ఇవి మీవే, మిస్" అన్నాడు. టోపీ ముట్టుకోలేదు. మదర్ గారికి చెప్పు, ఎలుగుబంట్ల మీద కూడా గెలిచేవాళ్ళం.

రెండో పేజీ.

కుర్చీలు వాళ్ళు రాకముందే మడిచాను. నువ్వు చెప్పినట్టే. మూడు గ్లాసులూ చెట్టు వేళ్ళ దగ్గర ఒంపేశాను. లూసియన్ అన్నయ్య కుర్చీ తేలిగ్గా మడతపడింది. అమ్మది కాస్త మొరాయించింది. నాన్నది పడలేదు. మోకాలు ఆనించి, రెండు చేతులా నొక్కాను. బరువుగా ఉంది, ఎవరో కూర్చునే ఉన్నట్టు. "ఆట అయిపోయింది నాన్నా, ఇంటికి వెళ్ళండి" అన్నాను. మళ్ళీ గట్టిగా అన్నాను. అవతలి డేరాలవాళ్ళు తిరిగి చూశారు. ఎప్పుడూ లేనిది, నాకు సిగ్గు వేయలేదు. అప్పుడు మడతపడింది.

పెంకుల పడవలు ఐదూ వాగులో వదిలాను. నాలుగు మునిగాయి, ఒకటి వంతెన దాకా పోయింది.

గురువారం థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి వీవియన్ వాళ్ళింటికి రమ్మన్నారు. వెళ్తానన్నాను. నాన్న బర్గండీలో మిగిలిన రెండు సీసాలూ తీసుకెళ్తాను. అర్సెన్ గారు ఐసు వేసుకుంటే ఏమీ అనను.

నీకు నిద్ర పట్టాలి. నీ భయం తీరాలనే ఇదంతా వెంటనే రాస్తున్నాను. మీ మౌనం మొదలయ్యేలోగా జవాబు రాయాలని తొందరపడకు. నేను బాగానే ఉన్నాను. ఈ రెండు వారాలుగా కాస్త చలిగా ఉంటోంది, ఎండలో నిలబడినా. అంతే.

నాకెవరైనా పోశారా అన్న నీ ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు అడిగావు. నేను రెండు ఆటల సంగతే రాశాను. సెప్టెంబరులో మొదటి ఆట రోజు, అర్సెన్ గారి దగ్గర కార్కు తీసేది పుచ్చుకుని తిరిగి వచ్చేసరికి నా గ్లాసు నిండి ఉంది. సీసా ఇంకా తెరవలేదు. దాహంగా ఉంది, తాగేశాను. చల్లగా, తడి మట్టి వాసనతో ఉంది.

నోయెమీ